త్రాగునీటి జలాశయాలలో నాచు నియంత్రణ

త్రాగునీటి కొరకు నీటిని నిల్వ చేసే చెరువులలో, జలాశయాలలో శైవలాలు మితిమీరి పెరగకుండా చూడడాన్ని, పెరిగినపుడు వాటిని నీటి నుండి క్షేమంగా తొలగించడాన్ని నాచు నియంత్రణ అంటారు. శైవలాలను వాడుకలో నాచు అని, పాచి అని వ్యవహరిస్తారు. కొద్దిపాటి శైవలాలు ప్రతి చెరువులోను ఉంటాయి. అవి నీటిలోని ప్రాణులకు ఆహారాన్ని, ఆక్సిజన్‌ను సమకూరుస్తాయి. కొద్ది రోజులలోనే నీటి రంగు మారిపోయేంతగా పెరిగినపుడు మాత్రం అవి నీటి రుచిని, వాసనను, శుద్ధి ప్రక్రియను, ఒక్కొక్కపుడు ప్రజల ఆరోగ్యాన్ని దెబ్బతీస్తాయి.

నీరు పచ్చబడిన తరువాత మందు చల్లి నాచును చంపడం సులభమైన మార్గంగా కనిపిస్తుంది. కాని కొన్ని రకాల నాచు చనిపోయేటపుడు తనలోని విషపదార్థాలను నీటిలోకి వదలుతుంది. అందువలన చెరువులోకి పోషకాలు చేరకుండా ఆపడం, చేరిన నాచును కణాలు పగలకుండా వడకట్టడం అనే రెండు అంశాలకు ఈ విషయంలో ప్రాధాన్యం ఉంది.

నిడమనూరు ప్రాంతపు త్రాగునీరు

నల్గొండ జిల్లాలోని నిడమనూరు, మిర్యాలగూడ, సూర్యాపేట జిల్లాలోని కోదాడ ప్రాంతాలు నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టుకు చెందినవి. ఈ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న అప్పటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న అప్పటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీ కాలువలకు నీటిని విడుదల చేసింది. కాలువ రాకతో ఈ ప్రాంతం వరి పండే నేలగా మారింది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి పొందింది.

సేద్యానికి తోడు త్రాగునీటికి కూడా ఇక్కడి ప్రజలకు కృష్ణా జలాలు ఎంతో అవసరమైనవి. నల్గొండ జిల్లా భూగర్భంలో గ్రానైటు శిలలు విస్తారంగా ఉన్నాయి. వాటిలోని ఖనిజాల నుండి ఫ్లోరైడు కరిగి బావులలోకి, బోర్లలోకి చేరుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండడం మంచిది. వేరే నీటి వనరు లేనపుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. జిల్లాలోని అనేక గ్రామాలలో భూగర్భజలం ఈ పరిమితిని దాటింది. తరతరాలుగా ఆ నీరు త్రాగినవారి పళ్ళు గారపట్టి, ఎముకలు వంగి, కీళ్ళు బిగుసుకుపోయాయి. నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధనా సంస్థ (నీరి) 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు ఉపయోగించి ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని రూపొందించింది. అది ప్రపంచవ్యాప్తంగా "నల్గొండ పద్ధతి" అనే పేరుతో ప్రసిద్ధమైంది.

బోరు నీటికి బదులు నదీజలాన్ని అందించడం శాశ్వత పరిష్కారంగా గుర్తించబడింది. రక్షిత మంచినీటి పథకాలు ఈ దిశలోనే వచ్చాయి. 2016 ఆగస్టు 7న గజ్వేల్ వద్ద కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ కూడా కృష్ణా, గోదావరి జలాలను శుద్ధి చేసి ఇంటింటికీ అందించే పథకమే. అయితే లోతైన బోరులోని నీటికి వెలుతురు తగలదు కనుక దానిలో నాచు పెరగదు. చెరువులోను, జలాశయంలోను నిలిచిన నీటిలో పెరుగుతుంది. ఫ్లోరైడు నుండి బయటపడిన గ్రామాలకు ఇప్పుడు నిల్వనీటి నాణ్యతను కాపాడుకోవడం ముఖ్యమైన బాధ్యత. నిల్వనీరు పాడై వాసన వేస్తే ప్రజలు తిరిగి పాత బోరు నీటి వైపు మళ్ళే ప్రమాదముంది. బోరు నీరు కంటికి తేటగా, వాసన లేకుండా ఉంటుంది. ఫ్లోరైడుకు రంగు, రుచి, వాసన లేవు.

వేసవి నిల్వ చెరువులు

సాగర్ కాలువలకు ఏడాది పొడవునా నీరు విడుదల చేయరు. పంటకాలం ముగిసిన తరువాత వేసవిలో కాలువ కట్టివేస్తారు. వానలు తగ్గిన సంవత్సరాలలో ఈ విరామం మరింత పెరుగుతుంది. 2015-16లోను, 2023-24లోను సాగర్ నీటిమట్టం బాగా పడిపోవడంతో సేద్యపు నీటిని కుదించి త్రాగునీటికి ప్రాధాన్యం ఇవ్వవలసి వచ్చింది. కాలువకు గండి పడినపుడు కూడా సరఫరా ఆగిపోతుంది. 2022 సెప్టెంబరులో నిడమనూరు మండలంలోనే ఎడమ కాలువ కట్టకు గండి పడింది.

కాలువ లేని రోజులకు నీటిని దాచి ఉంచే చెరువులను వేసవి నిల్వ చెరువులు (సమ్మర్ స్టోరేజి ట్యాంకులు) అంటారు. కాలువ పారుతున్నపుడు వీటిని నింపి, కట్టివేసిన తరువాత వాడుకొంటారు. వీటి పరిమాణం ఒక లెక్కతో తెలుస్తుంది. 5,000 జనాభా గల గ్రామానికి మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున 90 రోజులకు 4.5 కోట్ల లీటర్లు, అనగా 45,000 ఘనపు మీటర్ల నీరు కావాలి. ఆ నీటిని 3 మీటర్ల లోతున నిలపాలంటే సుమారు ఒకటిన్నర హెక్టారు విస్తీర్ణం గల చెరువు అవసరం. ఆవిరి రూపంలో రోజుకు 7 మిల్లీమీటర్ల నీరు పోయిందనుకొంటే 90 రోజులలో 63 సెంటీమీటర్ల మట్టం తగ్గుతుంది. నీరు ఆవిరైనా దానిలోని లవణాలు, పోషకాలు చెరువులోనే మిగులుతాయి. అందువలన వేసవి ముదిరే కొద్దీ మిగిలిన నీరు మరింత చిక్కబడుతుంది. లోతు తక్కువ, ఎండ ఎక్కువ, ప్రవాహం లేదు, పోషకాలు పెరుగుతున్నాయి. నాచు పెరుగుదలకు అనుకూలించే పరిస్థితులన్నీ ఇక్కడ ఒకేచోట కలుస్తాయి.

నాచులోని రకాలు

చెరువు నీటిలో కనిపించే శైవలాలు ముఖ్యంగా మూడు రకాలు.

* ఆకుపచ్చ శైవలాలు: నీటిలో పచ్చని రేణువులుగా గాని, గట్ల వెంబడి, రాళ్ళపైన పొడవైన పోగులుగా గాని ఉంటాయి. సాధారణంగా విషపూరితాలు కావు. వడపోత పడకలను మూసివేస్తాయి.
* డయాటమ్‌లు: ఇసుకలో ఉండే సిలికాతో నిర్మితమైన పెంకు గల సూక్ష్మజీవులు. నీటికి గోధుమ రంగునిస్తాయి. ఇవి కూడా వడపోతకు అడ్డు తగులుతాయి.
* నీలి-ఆకుపచ్చ శైవలాలు: పేరుకు శైవలాలైనా ఇవి నిజానికి బాక్టీరియా వర్గానికి చెందినవి. అందుచేత వీటిని సయనోబాక్టీరియా అంటారు. మైక్రోసిస్టిస్, అనబీనా, ఆసిల్లటోరియా వీటిలో ముఖ్యమైన ప్రజాతులు. విషాలను, దుర్వాసనను కలిగించేవి ప్రధానంగా ఇవే.

మైక్రోసిస్టిస్ వంటి వాటి కణాలలో సూక్ష్మమైన గాలి గదులుంటాయి. వాటి సాయంతో ఇవి నీటిపైకి తేలి పచ్చరంగు ఒలికినట్లు తెట్టుగా ఏర్పడతాయి. గాలి వీచే వైపు కట్టకు కొట్టుకొనివచ్చి పేరుకొంటాయి. చెరువు మొత్తం మీద నాచు తక్కువగా ఉన్నా, ఒక మూలన వందల రెట్లు అధికంగా చేరవచ్చు. నీరు తోడే తూము ఆ మూలనే ఉంటే శుద్ధి కేంద్రానికి ఆ తెట్టే చేరుతుంది.

నాచు పెరగడానికి కారణాలు

నాచు కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఆహారాన్ని తయారు చేసుకొంటుంది. దానికి సూర్యరశ్మి, బొగ్గుపులుసు వాయువు, నత్రజని, భాస్వరం అవసరం. మొదటి రెండింటికి చెరువులలో లోటుండదు. నత్రజని కొరవడినపుడు కొన్ని నీలి-ఆకుపచ్చ శైవలాలు గాలిలోని నత్రజనిని స్వయంగా గ్రహించగలవు. భాస్వరానికి మాత్రం అటువంటి మార్గం లేదు. అందువలన చాలా మంచినీటి చెరువులలో నాచు ఎంత పెరుగుతుందన్నది భాస్వరం ఎంత ఉందన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

ఈ సంగతిని కెనడాలోని అంటారియో రాష్ట్రంలో 1973లో జరిపిన ఒక ప్రయోగం కంటికి కట్టినట్లు చూపింది. డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త, అతని సహచరులు 226వ నంబరు సరస్సును ఒక తెరతో రెండు భాగాలుగా విభజించారు. ఒక భాగంలో కర్బన, నత్రజని సమ్మేళనాలు మాత్రమే కలిపారు. రెండవ భాగంలో వాటితో పాటు భాస్వరం కూడా కలిపారు. కొద్ది వారాలలో భాస్వరం కలిపిన భాగం పచ్చబడింది. మొదటి భాగం తేటగానే ఉండిపోయింది. ఇటీవలి కాలంలో శాస్త్రవేత్తలు నత్రజని పాత్రను కూడా గుర్తించి, రెండింటినీ తగ్గించడం మేలని చెబుతున్నారు.

లీటరు నీటిలో మొత్తం భాస్వరం సుమారు 35 మైక్రోగ్రాములు దాటితే ఆ నీటిని పోషకాలు అధికమైన నీరుగా పరిగణిస్తారు. ఈ స్థితిని యూట్రోఫికేషన్ అంటారు. డీఏపీ ఎరువు బరువులో ఐదవ వంతు భాస్వరమే. పైన లెక్కించిన 45,000 ఘనపు మీటర్ల చెరువులో 8 కిలోల డీఏపీ కరిగితే చాలు, లీటరుకు సుమారు 35 మైక్రోగ్రాముల భాస్వరం చేరినట్లే. ఒక 50 కిలోల బస్తాలోని 10 కిలోల భాస్వరం పూర్తిగా నాచుగా మారితే, ఎండిన బరువులోనే ఒక టన్నుకు పైగా నాచు తయారు కాగలదు.

త్రాగునీటి చెరువులలోకి పోషకాలు వచ్చే మార్గాలు:
* పొలాల నుండి వర్షపు నీటితోను, మురుగు కాలువలతోను కొట్టుకొనివచ్చే ఎరువులు
* ఇళ్ళ మురుగునీరు, సబ్బు నీళ్ళు, మరుగుదొడ్ల నుండి ఊరే నీరు
* చెరువులో దిగే పశువుల పేడ, మూత్రం
* చేపల పెంపకానికి వేసే తవుడు, పేడ వంటి మేత
* ఏళ్ళ తరబడి పేరుకొన్న పూడిక

వీటిలో చివరిది తరచుగా గమనింపబడదు. లోతైన జలాశయాలలో వేసవిలో పైనీరు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతుంది. అడుగు నీరు దానితో కలియదు. అడుగున ఆక్సిజన్ తరిగిపోగానే బురదలో ఇనుముతో బంధింపబడి ఉన్న భాస్వరం విడివడి నీటిలోకి వస్తుంది. దానితో పాటు ఇనుము, మాంగనీసు కూడా కరిగి నీటికి రంగును, లోహపు రుచిని ఇస్తాయి. కనుక బయటి మురుగును ఆపిన తరువాత కూడా కొన్నేళ్ళ పాటు నాచు కొనసాగవచ్చు.

నాచు వలన కలిగే దుష్ఫలితాలు

రుచి, వాసన: కొన్ని నీలి-ఆకుపచ్చ శైవలాలు జియోస్మిన్, 2-మిథైలైసోబోర్నియోల్ అనే పదార్థాలను విడుదల చేస్తాయి. తొలకరి వానకు నేల నుండి వచ్చే కమ్మని వాసనకు కారణం జియోస్మినే. నేలపై హాయిగొలిపే ఆ వాసన గ్లాసులోని నీటిలో మాత్రం బురద కంపుగా అనిపిస్తుంది. లీటరు నీటిలో ఒక గ్రాములో వందకోట్లవ వంతుకు పది రెట్లు, అనగా 10 నానోగ్రాములున్నా చాలామంది పసిగట్టగలరు. ఈ పదార్థాలు ఆ మోతాదులో హానికరం కావు.

క్లోరిన్ పనితనం తగ్గడం: నాచు పగటిపూట నీటిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకోవడంతో నీటి పీహెచ్ విలువ 9 దాకా పెరగవచ్చు. క్లోరిన్ నీటిలో కలిసినపుడు ఏర్పడే హైపోక్లోరస్ ఆమ్లమే క్రిములను సమర్థంగా చంపుతుంది. పీహెచ్ 7.5 వద్ద క్లోరిన్‌లో దాదాపు సగం ఈ రూపంలో ఉంటుంది. పీహెచ్ 9 వద్ద నూటికి 3 వంతులు మాత్రమే ఉంటుంది. అదే మోతాదు బ్లీచింగ్ పౌడరు కలిపినా క్రిములు చావకపోవడానికి ఇది ఒక కారణం. నాచులోని సేంద్రియ పదార్థం క్లోరిన్‌తో కలిసి ట్రైహాలోమీథేన్‌లు అనే అవాంఛిత రసాయనాలను కూడా ఏర్పరుస్తుంది.

వడపోత పడకలు మూసుకుపోవడం: గ్రామీణ పథకాలలో విరివిగా వాడే నిదాన ఇసుక వడపోత పడకలపై నాచు చాపలా పరుచుకొంటుంది. నెలల పాటు పనిచేయవలసిన పడకను కొద్ది రోజులకే ఆపి గీకవలసి వస్తుంది.

విషపదార్థాలు: మైక్రోసిస్టిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. జీవితాంతం త్రాగే నీటిలో మైక్రోసిస్టిన్-ఎల్ఆర్ లీటరుకు 1 మైక్రోగ్రామును మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో ఒక డయాలిసిస్ కేంద్రానికి సరిగా శుద్ధి చేయని జలాశయపు నీరు సరఫరా కావడంతో 50 మందికి పైగా రోగులు మరణించారు. 2007లో చైనాలోని తైహు సరస్సులో నాచు పెచ్చుపెరిగి వుషీ నగరంలో సుమారు 20 లక్షల మందికి త్రాగునీరు లేకుండా పోయింది. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలెడో నగరంలో దాదాపు 4 లక్షల మందిని కుళాయి నీరు త్రాగవద్దని హెచ్చరించారు. అందుకు కారణం ఈరీ సరస్సులోని మైక్రోసిస్టిన్.

మైలుతుత్తం వాడకం

నాచును చంపడానికి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వాడకాన్ని అమెరికా వ్యవసాయశాఖకు చెందిన మూర్, కెల్లర్‌మన్ 1904లో ప్రచారంలోకి తెచ్చారు. చౌకగా దొరకడం, త్వరగా పనిచేయడం వలన అది ప్రపంచమంతటా వ్యాపించింది. అయితే దీనికి పరిమితులున్నాయి. మైలుతుత్తం బరువులో నాలుగవ వంతు రాగి ఉంటుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున వేస్తే 45,000 ఘనపు మీటర్ల చెరువుకు 45 కిలోలు పడుతుంది. అప్పుడు నీటిలో రాగి లీటరుకు 0.25 మిల్లీగ్రాములకు చేరుతుంది. భారతీయ ప్రమాణాలలో రాగికి కోరదగిన పరిమితి 0.05 మిల్లీగ్రాములు, వేరే వనరు లేనపుడు అనుమతించే పరిమితి 1.5 మిల్లీగ్రాములు. రాగి నశించదు. అడుగు బురదలో పేరుకొంటుంది. చేపలకు, నాచును తినే సూక్ష్మజీవులకు హాని చేస్తుంది. చచ్చిన నాచు కుళ్ళి నీటిలోని ఆక్సిజన్‌ను హరిస్తుంది. దానిలోని భాస్వరం తిరిగి నీటిలో చేరి తరువాతి నాచుకు ఎరువవుతుంది.

అన్నింటికన్నా పెద్ద ప్రమాదం విషం విడుదల కావడం. బ్రతికి ఉన్న మైక్రోసిస్టిస్ కణాలలో విషం చాలావరకు కణం లోపలే ఉంటుంది. కణం పగిలితే నీటిలో కరిగిపోతుంది. కరిగిన విషాన్ని ఇసుక పడకలు పట్టి ఆపలేవు. 1979లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి చెందిన పామ్ ద్వీపంలో ఇది జరిగింది. అక్కడి సాలమన్ జలాశయపు నీటికి రుచి, వాసన బాగా లేవని ప్రజలు ఫిర్యాదు చేయగా, నాచును చంపడానికి మైలుతుత్తం వేశారు. కొద్ది రోజులలో 148 మంది కాలేయ వ్యాధితో, వాంతులతో అస్వస్థులైనారు. వారిలో 138 మంది పిల్లలు. కారణమైన విషానికి తరువాతి కాలంలో సిలిండ్రోస్పెర్మాప్సిన్ అని పేరు పెట్టారు. ఆ జలాశయంలో నాచు అంతకు ముందే ఉన్నది. జబ్బు మాత్రం దానిని చంపిన తరువాత వచ్చింది.

అందువలన మైలుతుత్తం వాడదలచినపుడు నాచు తెట్టుగా కట్టకముందే, కణాల సంఖ్య తక్కువగా ఉన్నపుడే, ఏ రకం నాచో ప్రయోగశాలలో తెలుసుకొని, ఆ చెరువు నుండి సరఫరాను కొంతకాలం ఆపి వాడాలి. ప్రత్యామ్నాయ వనరు లేని గ్రామంలో సరఫరాను ఆపడం సాధ్యం కాదు కనుక అక్కడ ఈ పద్ధతి తగదు. హైడ్రోజన్ పెరాక్సైడు నీరుగాను, ఆక్సిజన్‌గాను విడిపోతుంది కనుక రాగి వంటి అవశేషాలు మిగల్చదు. కాని అది కూడా కణాలను పగులగొట్టేదే.

చెరువులో చేపట్టే నివారణ చర్యలు

పోషకాలను అడ్డుకోవడం: చెరువు కట్ట బయటి నీరు లోపలికి రాకుండా చుట్టూ మళ్ళింపు కాలువ త్రవ్వుతారు. పశువులు దిగకుండా కంచె వేస్తారు. బట్టలు ఉతకడాన్ని నిషేధిస్తారు. గట్ల వెంట గడ్డి, పొదలను పెంచితే కొట్టుకొనివచ్చే మట్టి, ఎరువు చాలావరకు అక్కడే ఆగుతాయి.

నింపే సమయాన్ని ఎంచుకోవడం: కాలువకు నీరు వదలిన తొలి రోజులలో అడుగున పేరుకొన్న చెత్త, బురద కొట్టుకొనివస్తాయి. ఆ నీటిని వదలివేసి, కాలువ తేటపడిన తరువాత చెరువు నింపడం ఉత్తమం. పొలాల మురుగు కలిసే చోటుకు ఎగువన తూము ఉండాలి.

పూడిక తీయడం: చెరువు ఎండినపుడు అడుగు మట్టిని తీసివేస్తే రెండు ప్రయోజనాలు చేకూరుతాయి. పేరుకొన్న భాస్వరం బయటకు పోతుంది, చెరువు లోతు పెరుగుతుంది. ఈ మట్టి పొలాలకు ఎరువుగా పనికివస్తుంది. చెరువు మట్టిని పొలానికి తోలుకోవడం తెలుగు రైతులకు పూర్వం నుండి ఉన్న అలవాటే.

నీడ కల్పించడం: వెలుతురు లేనిదే నాచు పెరగదు. చిన్న ట్యాంకులను, వడపోత పడకలను పైకప్పుతో మూయవచ్చు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ జలాశయంలో 2015 నాటికి 9.6 కోట్ల నల్లని ప్లాస్టిక్ బంతులను నీటిపై తేలనిచ్చారు. వెలుతురు వలన కలిగే రసాయన చర్యలను, నాచును, ఆవిరిని తగ్గించడం వాటి ఉద్దేశం. తేలియాడే సౌర ఫలకాలు కూడా నీటిపై నీడనిస్తాయి. తెలంగాణలోని రామగుండంలో ఎన్టీపీసీ జలాశయంపై 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం 2022లో పూర్తిస్థాయిలో పనిచేయసాగింది. అది విద్యుత్ కేంద్రపు జలాశయం, త్రాగునీటిది కాదు.

నీటిని కలపడం: లోతైన జలాశయాల అడుగున గొట్టాల ద్వారా గాలి బుడగలు వదలితే పైనీరు, అడుగు నీరు కలుస్తాయి. అడుగున ఆక్సిజన్ నిలిచి ఉంటే భాస్వరం, ఇనుము, మాంగనీసు విడుదల కావు. లోతు తక్కువగా ఉన్న చెరువులలో నీరు గాలికే కలుస్తుంది కనుక దీని ప్రయోజనం అంతగా ఉండదు.

చేపలు: చేపలను వదలితే నాచును తినివేస్తాయన్న నమ్మకం పూర్తిగా సరి కాదు. సిల్వర్ కార్ప్ శైవలాలను తింటుంది. బొచ్చె చేప ఎక్కువగా తినేది నాచును మేసే సూక్ష్మ జంతువులను. వాటి సంఖ్య తగ్గితే నాచు పెరిగే అవకాశముంది. చేపలకు బయటి మేత వేస్తే అది కూడా పోషకమే. కనుక త్రాగునీటి చెరువును చేపల పెంపకానికి ఇవ్వడం మంచిది కాదు.

ఇతర పద్ధతులు: బ్రిటన్‌లో బార్లీ గడ్డి మోపులను చెరువులలో ఉంచుతారు. ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా లేవు. గడ్డి కుళ్ళేటపుడు ఆక్సిజన్‌ను హరిస్తుంది. అందువలన త్రాగునీటికి ఇది నమ్మదగిన పద్ధతి కాదు.

శుద్ధి కేంద్రంలో పాటించే పద్ధతులు

చెరువు నుండి నీటిని వేర్వేరు లోతులలో తోడే వీలుంటే, తెట్టు ఉన్న పై పొరను, ఆక్సిజన్ లేని అడుగు పొరను విడిచి మధ్య పొరను తీసుకొంటారు. తోడే చోట తేలియాడే అడ్డుకట్ట ఉంచితే తెట్టు లోపలికి రాదు.

నాచు ఉన్నపుడు ముడినీటికి మొదటనే క్లోరిన్ కలపరాదు. దాని వలన కణాలు పగిలి విషం, వాసన నీటిలో కరుగుతాయి. ముందుగా పటిక వేసి కణాలను గడ్డలుగా చేర్చి, తేర్చి, వడకట్టి, చివరగా క్లోరిన్ కలపాలి. పీహెచ్ ఎక్కువగా ఉన్నపుడు పటిక సరిగా పనిచేయదు. అందువలన పీహెచ్‌ను పరీక్షించి సరిచేయాలి. తేలే స్వభావం గల నాచు అడుగుకు దిగదు. అటువంటి చోట సన్నని గాలి బుడగలతో గడ్డలను పైకి తేల్చి తీసివేసే విధానం మెరుగైనది. తేరిన బురదను తిరిగి చెరువులోకి వదలరాదు.

నీటిలో కరిగిన జియోస్మిన్‌ను, విషాన్ని పట్టివేయడానికి ఉత్తేజిత బొగ్గు పొడి (యాక్టివేటెడ్ కార్బన్) వాడతారు. వడకట్టిన నీటిలో పీహెచ్ 8 కన్నా తక్కువగా ఉండి, లీటరుకు 0.5 మిల్లీగ్రాములకు తగ్గకుండా క్లోరిన్ అరగంట సేపు నిలిచితే మైక్రోసిస్టిన్ చాలావరకు నశిస్తుంది.

చిల్లగింజను అరగదీసి కలిపితే బురద నీరు తేరుతుందని పల్లెలలో పూర్వం నుండి తెలుసు. మునగ గింజలకు కూడా ఈ గుణముంది. ఇవి తేలే రేణువులను అడుగుకు దింపుతాయి గాని, కరిగిన విషాన్ని తొలగించవు.

హైదరాబాదు, సూర్యాపేటల అనుభవం

పోషకాలను ఆపకపోతే ఏమవుతుందో తెలియజేయడానికి హుస్సేన్ సాగర్ ఒక ఉదాహరణ. 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల కాలంలో నిర్మించిన ఈ చెరువు 1930 ప్రాంతం వరకు త్రాగునీటి వనరుగా ఉండేది. కాలక్రమంలో నగరపు మురుగు, పారిశ్రామిక వ్యర్థాలు కలిసి నీరు పచ్చబడి దుర్గంధపూరితమైంది. దానిని శుభ్రపరచడానికి అనేక పథకాలు చేపట్టినా తిరిగి త్రాగునీటి చెరువు కాలేదు.

1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయినాయి. వీటి రక్షణ కొరకు 1996లో ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు జారీ చేసి, చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద నిర్మాణాలను నిషేధించింది. నీటిని శుద్ధి చేయడం కన్నా చెరువుకు నీరు వచ్చే నేలను కాపాడడం మేలన్న సూత్రం దీనికి ఆధారం. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఈ ఆంక్షలను సడలించింది.

హైదరాబాదు మురుగు మూసీ నది వెంట దిగువకు ప్రవహిస్తుంది. సూర్యాపేట సమీపంలో 1963లో పూర్తయిన మూసీ జలాశయంలోకి అది చేరుతుంది. సూర్యాపేట పట్టణం త్రాగునీటికి చాలాకాలం మూసీ నీటి మీద ఆధారపడింది. ఎగువ పట్టణం వదలిన పోషకాలు దిగువ పట్టణపు కుళాయిలలో సమస్యగా మారుతాయనడానికి ఇది నిదర్శనం.

గ్రామస్థాయిలో పరిశీలన

నాచు పెరుగుదలను తొలిదశలోనే గుర్తించడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ఇటలీకి చెందిన ఆంజెలో సెక్కి 1865లో తెల్లని పళ్ళెమును తాడుతో నీటిలోకి దించి అది కనుమరుగయ్యే లోతును కొలిచాడు. దానిని సెక్కి పళ్ళెం అంటారు. మంచినీటి చెరువులకు నలుపు తెలుపు రంగులు వేసిన 20 సెంటీమీటర్ల పళ్ళెం వాడతారు. పాఠశాల విద్యార్థులు కూడా దీనిని తయారు చేయవచ్చు. పెద్దల పర్యవేక్షణలో వారానికొకసారి ఒకే చోట, ఒకే వేళకు కొలిచి వ్రాసిపెడితే, లోతు వారంవారం తగ్గుతున్నట్లు కనిపించడం నీరు పచ్చబడడానికి ముందే వచ్చే హెచ్చరిక. వర్షం తరువాత బురద వలన కూడా లోతు తగ్గుతుంది కనుక నీటి రంగును కూడా గమనించాలి.

ఉదయం, మధ్యాహ్నం పీహెచ్ కొలిచినపుడు మధ్యాహ్నం విలువ బాగా పెరుగుతుంటే నాచు చురుకుగా ఉన్నదని అర్థం. నీటిపై పచ్చరంగు ఒలికినట్లున్న తెట్టు కనిపిస్తే నమూనాను ప్రయోగశాలకు పంపాలి. పశువులను, పిల్లలను ఆ నీటికి దూరంగా ఉంచాలి. తెట్టును చేతితో ముట్టరాదు.

ఇంటిలో నీటిని మరగబెట్టడం వలన క్రిములు చస్తాయి గాని మైక్రోసిస్టిన్ నశించదు. మరగబెట్టినకొద్దీ నీరు ఆవిరై విషం చిక్కబడుతుంది. గుడ్డతో వడకట్టడం కూడా కరిగిన విషానికి పనికిరాదు. విషపూరిత నాచు నిర్ధారణ అయినపుడు ఆ నీటిని త్రాగడానికి, వంటకు, ముఖ్యంగా పసిపిల్లల పాలలో కలపడానికి వాడరాదు. శుద్ధి చేసిన వేరే నీటిని ట్యాంకర్ల ద్వారా అందించాలి. అటువంటి సమయంలో ఫ్లోరైడు గల పాత బోర్లను తెరవవలసి వస్తే, ఆ నీటిని పరీక్షించిన తరువాతనే, కొద్ది రోజులకు మాత్రమే వాడాలి.